పలుకుబడి మ్రొక్కులు

గుడివాడ, బందరు ప్రాంతములలో కుమారుని కళాశాలలో చేర్పించిన తండ్రికి బంధువులు చెప్పు హితవు ప్రాయికముగా ఒక్కటే: "పిల్లాడిచేత పనులు చేయించకండి బావగారూ, నలుగురిలో తిరగనివ్వండి. రేపు అక్కరకొచ్చేది ఆ నలుగురే." ఈ మాటలో రెండు విశ్వాసములు ఇమిడియున్నవి. చదువుకొను కాలమున చేతిపని చేసి కూలి పుచ్చుకొనుట వంశగౌరవమునకు లోపమనునది మొదటిది. జీవితమున పైకి వచ్చుట పెద్దల ప్రాపుచే జరుగునే గాని పనితనముచే జరుగదనునది రెండవది. మొదటిదానిని ఆచారమందురు, రెండవదానిని లోకజ్ఞానమందురు. ఇటీవల ఈ రెండవదానికి నెట్‌వర్కింగు అని నామకరణము కూడ జరిగినది. పేరేదైనను ఈ రెండును విచారణకు నిలుచునవి కావు.

రెండవ విశ్వాసమునకు మా సీమలో ఒక స్థలపురాణమే కలదు. గుడివాడకు చేరువనున్న రామాపురమున 1924లో పుట్టి, చదువు సాగక నాటకములలో స్త్రీవేషములు వేయుచుండిన అక్కినేని నాగేశ్వరరావును విజయవాడ రైల్వే స్టేషనులో దర్శకుడు ఘంటసాల బలరామయ్య చూచుటయు, 1944 నాటి 'శ్రీ సీతారామ జననము' చిత్రములో రాముని వేషమిచ్చుటయు ఇచ్చట తెలియనివారు లేరు. అరుగులమీద ఈ కథ చెప్పువారు స్టేషనును, బలరామయ్యను, ఆ శుభఘడియను సవిస్తరముగా వర్ణింతురు. అంతకు పూర్వము ఏండ్లతరబడి రాత్రులు మేల్కొని, పద్యము పాడుటయు, ఆడువారి నడకను చూపును పట్టుకొనుటయు అభ్యసించిన బాలుని శ్రమను మాత్రము ఒక్క ముక్కతో దాటవేయుదురు. ఆ శ్రమయే లేనిచో దర్శకుని చూపు అతనిపై నిలిచియుండెడిదా? అదియునుగాక, ఆనాడు అదే ప్లాట్‌ఫారముపై నిలిచియున్న తక్కిన యువకుల సంగతి ఎవరు విచారించిరి?

ప్రాచీన గ్రీసు దేశమున డయాగరస్ అను నాస్తికునకు, ఓడ మునుగు వేళ మ్రొక్కుకొని బ్రదికి బయటపడినవారి చిత్రపటములను దేవాలయమున చూపగా, మునిగిపోయినవారి పటములెక్కడనున్నవని అతడు ప్రశ్నించెనట. సిసిరో చెప్పిన యీ కథను 1620లో ఫ్రాన్సిస్ బేకన్ మూఢవిశ్వాసములు ఏ రీతిగా తమకు తామే సాక్ష్యము కూర్చుకొనునో నిరూపించుటకై వాడుకొనెను. 1864లో బందరును, 1977లో దివిసీమను ముంచివేసిన ఉప్పెనల వార్త తెలిసిన మనకు ఈ ప్రశ్న క్రొత్తగా తోచవలసినది కాదు. నాయకుని సిఫారసుతో కొలువు దొరకినవాడు ఊరందరికి కనబడును. అదే గుమ్మమున ప్రతి జన్మదినమునకును పూలగుత్తి పట్టుకొని నిలిచి, కూడలిలో తన ముఖము కూడ చేర్చి ఫ్లెక్సీ కట్టించి, వట్టి చేతులతో మరలిపోయినవాడు ఎవరికిని కనబడడు. తన భంగపాటును తానే దాచుకొనును గదా! ప్రదక్షిణములు, కానుకలు, ఫలించిన మ్రొక్కును చాటుట, ఫలింపనిదానికి తన భక్తిలోనే లోపము వెదకుకొనుట: తంతు అంతయు గుడిలోనిదే, గర్భాలయమున మాత్రము మూర్తి మారినది.

ఎదుటి పక్షమునకును న్యాయము చేయవలెనన్నచో గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు ఉదంతమును గ్రహింపవలయును. గుడివాడ చెంతనున్న చౌటపల్లిలో 1922లో జన్మించి, చిన్నతనముననే తండ్రిని గోల్పోయి, సంగీతముకొఱకు విజయనగరము చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడై, ఇంటింట అన్నము యాచించు మధుకరముతో పొట్ట నింపుకొనిన ఆతనిని, పెండ్లియైన పిదప అత్తవారి ఊరగు పెదపులివర్రులో సినీకవి సముద్రాల రాఘవాచార్యులు విని మద్రాసు రమ్మనిరి. ఇది పరిచయమేయని నేనును ఒప్పుకొందును. అయితే ఆ పరిచయమునకు పూర్వము పాట యున్నది; మద్రాసు చేరిన పిదపను బృందగానములలో గొంతు కలుపుచు, చిల్లర వేషములు వేయుచు కాలము గడపవలసియే వచ్చినది.

మధుకరము మాట వచ్చినది గనుక దానికి జ్ఞాతియైన వారములను గూర్చియు చెప్పవలసియున్నది. 1843లో రాబర్ట్ నోబుల్ దొర పాఠశాల పెట్టిననాటినుండి బందరు చదువులకు నెలవు. పల్లెలనుండి వచ్చిన బీద బ్రాహ్మణ బాలుడు వారమున కొక్కొక్క దినము ఒక్కొక్క గృహస్థునింట భుజించి చదువు సాగించుట ఒకనాటి ఏర్పాటు. భోజనమునకు వెల లేదు. కాని నూతినీళ్లు తోడుట, చంటిబిడ్డను ఎత్తుకొనుట, ఆ యింటి పిల్లలకు ఎక్కములు వల్లె వేయించుట, అంగటికి పరుగెత్తుట, పప్పులో ఉప్పు హెచ్చినను తలవంచుకొని లేచుట మాత్రము తప్పదు. దీనిని పూర్వులు అన్నదానమని, విద్యాదానమని కీర్తించిరి. వడ్డించిన తల్లుల వాత్సల్యమును నేను శంకింపను, ఏర్పాటును శంకింతును. అది కూలి లేని పని, స్వాతంత్ర్యము లేని పరిచయము. పైగా అదైనను ఒక్క కులపు బాలునకే. అంటరానివాడని ఊరివెలుపల నుంచబడిన బాలుడు ఏ గడపనెక్కి వారమడుగగలడు? తరువాతి కాలమున తక్కిన కులములవారు, తమ పిల్లలకు ఈ ఆదరువు లేమిచే, ఎవరి వసతిగృహములు వారు కట్టుకొనిరి. నేడు మనవాళ్లనియు, మన సర్కిలనియు చెప్పుకొనునది చాలవరకు ఆ వసతిగృహముల వారసత్వమే. పుట్టుకతో వచ్చినదానిని సామర్థ్యమని పిలుచుకొనుటకంటె హాస్యాస్పదమేమున్నది?

ఆ వారసత్వమునకు మూల్యమును కలదు; అది మౌనము. బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రము బోధించిన గోపరాజు రామచంద్రరావు (గోరా) అగ్రకులమున పుట్టి, పెద్ద చదువు చదివి, పరిచయములకు లోటు లేనివారే; తన నాస్తికత్వమును దాచుకొననందున ఆ కొలువు నిలువలేదు, 1940లో ముదునూరున నాస్తిక కేంద్రము నెలకొల్పిరి. ప్రాపుతో ఎక్కినవాడు ప్రాపునిచ్చినవారి నమ్మకములను ప్రశ్నింపజాలడు. అంగలూరున పుట్టి, నోబుల్ కళాశాలలో చదివి, 1914లో డబ్లిన్ వెడలి బారిస్టరై వచ్చిన త్రిపురనేని రామస్వామి చౌదరి అంత నిర్భయముగా పురాణములను విమర్శింపగల్గుటకు స్వతంత్రమైన వృత్తి కొంత తోడ్పడెనని నేను తలంతును.

మొదటి విశ్వాసమును, అనగా చేతిపని చదువునకు మైల యనుదానిని, బందరే ఒకమారు ధిక్కరించినది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో అక్షరములతోపాటు నేత, చిత్రలేఖనము మొదలగునవి నేర్పబడినవి. హనుమంతరావుగారు న్యాయవాదవృత్తిని వదలుకొని దానికి అంకితమైరి. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వమే డిగ్రీలో ఇంటర్న్‌షిప్పును విధిగా చేసినది. మంచిదే, కాని పరిచయస్థుని దుకాణము ముద్ర వేయించి, పనిలో కాలు పెట్టకయే ధ్రువపత్రము సంపాదించువారు కలరని వినుచున్నాము.

ఇక పరిచయముల మాటకు మరల వచ్చినచో, అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అను సమాజశాస్త్రజ్ఞుడు 1973లో ప్రకటించిన వ్యాసమున, పరిచయస్థుల మూలమున క్రొత్త కొలువు పొందినవారిని విచారింపగా, ఆ పరిచయస్థుని తరచుగా కలిసెడివారు 16.7 శాతము మాత్రమే. తక్కినవారు అప్పుడప్పుడు గాని, ఎప్పుడో గాని కలిసెడివారు. సర్వే చిన్నదైనను దాని సూచన గమనింపదగినది: పని చెప్పి పంపినవాడు పలుమారులు పాత సహోద్యోగియో, పాత యజమానియో, ఒకప్పటి కళాశాల మిత్రుడో గాని, దినదినము చాయి హోటలులో భుజము రాచుకొను ఆప్తుడు కాడు.

దీనిని నాగాయలంక వైపు రొయ్యల చెరువుల గట్లమీద ప్రత్యక్షముగా చూడవచ్చును. ఉదయము అవనిగడ్డలో తరగతికి పోవు విద్యార్థి సాయంకాలము చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలినదో, రొయ్య ప్రేవు నిండినదో లేదో వెలుతురున కెత్తి చూచి, మరుసటి పూట మేత తగ్గింపవలెనో పెంపవలెనో పుస్తకమున వ్రాయును. వాని లెక్కను చెరువు రైతు చూచును, మేత కంపెనీ మనిషి చూచును, నీటి పరీక్ష చేయు ల్యాబువాడు చూచును. ఈ మువ్వురును వాని కులము అడిగియే యుందురు, మన దేశమున అది తప్పదు. అయినను రేపు వీనిని ఇంకొకరికి చెప్పవలసివచ్చినప్పుడు చెప్పుటకు వారికడ లెక్కలపుస్తకమొకటి యున్నది. పరిచయమన్నచో నేనెరిగిన అర్థమిది.

అట్లని రాత్రియంతయు ఏరేటర్లకు కాపలా కాసి తరగతిలో కునుకు తీయు పిల్లవానిని ఆదర్శముగా చూపుట క్రౌర్యము. వానికి కావలసినది సకాలమున స్కాలర్‌షిప్పు. మన ఉపన్యాసములు కావు. పూటకు రెండు మూడు గంటల పని, కూలి విద్యార్థి చేతికే, కళాశాల గ్రంథాలయమున, ప్రయోగశాలలోనే కొన్ని కొలువులు: ఇంతవరకు ఏర్పరచుట అసాధ్యము కాదు.

అడ్డము వచ్చునది మరల ఆచారమే, ఆడపిల్లల విషయమున మరియు గట్టిగా. బందరు చిలకలపూడిలో ఇంటి వసారాలో కూర్చుండి రోల్డుగోల్డు నగలకు రాళ్లు అతికి డజనుల లెక్కన కూలి తెచ్చు డిగ్రీ విద్యార్థినిని ఎవరును పనిచేయుచున్నదనరు; ఆ పిల్లయే ఊరిలోని కోనేరు సెంటరు దుకాణమున సాయంకాలము పద్దులు వ్రాసెదనన్నచో, సంబంధములు చెడునని ఇంటిల్లిపాదియు లేచుదురు. కన్నులకు శ్రమ వసారాలోనే ఎక్కువ, కూలి అచ్చటనే తక్కువ. తేడా యేమనగా, వసారాలో డబ్బు తెచ్చి యిచ్చువాడు తండ్రి చేతికిచ్చును, దుకాణమున జీతము పిల్ల చేతికే వచ్చును. ఆ భయమునకు ఇంతకు మించిన హేతువు నేనెంత వెదకినను కనబడలేదు.