మరచిపోయే "సి"

చెరువు తూము తీయడం కోస్గి వైపు పిల్లలకు కొత్త కాదు. చెరువు నిండుగా ఉంటే నీరు ఉరికి వస్తుంది. మట్టం తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. నీటి వేగం మట్టపు ఎత్తుకు వర్గమూలాన్ని అనుసరిస్తుందని ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిసెల్లీ 1644లో ప్రకటించాడు.

చెరువు గట్టు వాలుగా ఉంటుంది గనుక, అడుగున చిన్న రంధ్రమున్న నిటారు డబ్బాను తీసుకుందాం. అందులో 36 సెం.మీ. నీరుంది. 10 నిమిషాలలో మట్టం 25కు దిగిందనుకుందాం. త్రైరాశికం ప్రకారం డబ్బా సుమారు 33 నిమిషాలలో ఖాళీ కావాలి. కాని కాదు!

మట్టం తగ్గే రేటు = కె × √మట్టం. ఇదే అవకలన సమీకరణం. సమాకలనం చేస్తే:

2√మట్టం = సి − కె × కాలం

మొదట మట్టం 36; కాబట్టి సి = 12. పది నిమిషాలకు 2√25 = 10; కాబట్టి కె = 0.2. ఖాళీ కావడానికి 12 ÷ 0.2 = 60 నిమిషాలు. చివరి 10 నిమిషాలలో దిగేది ఒక్క సెంటీమీటరే!

మార్కు పోతుందన్న భయంతో "సి" రాయించడం సరికాదని నా అభిప్రాయం. మొదట నీరెంత ఉందో చెప్పేది "సి". అది లేకపోతే డబ్బా ఎప్పుడు ఖాళీ అవుతుందో సమీకరణం చెప్పలేదు. సూత్రం బట్టీపట్టే ముందు ఈ సంగతి తెలియాలి. మీ డబ్బాకు "సి" ఎంతో మీరే కొలిచి చూడండి.