సింగిల్ ఓటీ

గాజువాకలో నైట్ షిఫ్ట్ వదిలిన వేళ, టీ బడ్డీ దగ్గర ఒక కుర్రాడు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి చూపించాడు. తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము. చెమటకి కొన్ని అంకెలు అలుక్కుపోయాయి. "కంపెనీ రిజిస్టర్లో ఎనిమిది గంటలే పడతాయండి. మిగతా నాలుగూ ఇందులో రాసుకుంటున్నాను" అన్నాడు. ఆ నాలుగు గంటల ఓవర్‌టైమ్‌కీ కాంట్రాక్టర్ ఇచ్చేది సింగిల్ ఓటీ, అంటే మామూలు గంట కూలే.

సింగిల్ ఓటీ అనేది ఏ చట్టంలోనూ లేదు. అదనపు గంటకి రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లూ అదే చెబుతున్నాయి. కరోనా రోజుల్లో గుజరాత్ ప్రభుత్వం ఈ రెట్టింపును పక్కనపెడితే, 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసి, ఆ కాలానికి ఓటీ కట్టమంది. ఒక ప్రభుత్వానికే చెల్లని పని ఇక్కడ కాంట్రాక్టర్ నోటిమాటతో చేసేస్తున్నాడు.

నెలకి 15,600 జీతం, 26 పనిదినాలు అనుకుందాం. గంటకి 75 రూపాయలు. ఓటీ గంటకి 150 రావాలి, 75 చేతిలో పెడుతున్నారు. మూడు నెలలకి 75 గంటలున్న ఓటీ పరిమితిని 144కి పెంచాలని 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. తెలంగాణ కూడా ఆ జులైలో వాణిజ్య సంస్థలకి అదే 144 ఇచ్చింది. గంటలు పెరిగితే కార్మికుడికి నాలుగు డబ్బులొస్తాయన్నారు. సింగిల్ ఓటీ నడిచేచోట ఆ 144 గంటలకీ అతను పోగొట్టుకునేది 10,800. ముందు ఈ దోపిడీ ఆపి, తర్వాత గంటల సంగతి మాట్లాడాల్సింది.

కార్మికుడు ఒప్పుకుంటేనే ఓటీ చేయించాలని కొత్త కోడ్‌లో ఉంది. రిలీవర్ రాలేదని గేటు దగ్గర ఆపేసి, కాదంటే రేపు రావద్దనడం ఒప్పుకోలు ఎలా అవుతుంది? ఆ నోట్‌బుక్ కుర్రాడు ఆ వారంలో మూడుసార్లు అలాగే ఆగిపోయాడట. అందులో ఒకరోజు పాపకి టీకా వేయించాల్సి ఉంది. వారం ముందే షిఫ్ట్ చార్టు చేతికివ్వాలి, మార్చాలంటే అడిగి మార్చాలి. ఓటీ గంటలు పే స్లిప్పులో విడిగా కనపడాలి. ఇన్‌స్పెక్టర్ గేటు పంచింగ్ లెక్కనీ జీతాల షీటునీ పక్కపక్కన పెట్టుకుంటే తేడా అక్కడే దొరికిపోతుంది.

"ఇది ఎందుకైనా పనికొస్తుందాండి?" అని నోట్‌బుక్ మూసి అడిగాడు. పనికొస్తుంది బాబూ, పారెయ్యకు అన్నాను.