కమ్యూనిటీ హాళ్లు సాయంత్రం పూట చదువుకు తెరవండి

ఉప్పల్, నాచారం కాలనీ సంక్షేమ సంఘాలకు, ఐసెట్ రాసే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు విజ్ఞప్తి

మన దగ్గర ఎంబీఏ, ఎంసీఏ సీటు కోసం ఐసెట్ రాసేవాళ్లలో పనిచేసుకుంటూ చదివేవాళ్లు ఎందరో. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి, ఉప్పల్ రింగ్‌రోడ్డు ట్రాఫిక్ దాటి గదికి చేరేసరికి చీకటి పడుతుంది. గదిలో ఒకరు వంట చేస్తుంటారు, ఒకరు ఫోన్‌లో మాట్లాడుతుంటారు, మూలన ఒకరు పుస్తకం పట్టుకుంటారు. అయినా చదువుతూనే ఉన్నారు. వాళ్లకు కరువైంది, చదివినదాన్ని మళ్లీ సరిచూసుకునే చోటు, సమయం.

ఐసెట్‌లో 150 నిమిషాలకు 200 ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి 45 సెకన్లే. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదలకూడదు. అర్హత మార్కులు తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు, సీటు తెచ్చేది ర్యాంకు. ర్యాంకు పోయేది ఎక్కడో చూడండి. డేటా సఫిషియెన్సీలో ఇలాంటి ప్రశ్న వస్తుంది: దీర్ఘచతురస్రాకారపు గది వైశాల్యం ఎంత? పొడవు 12 మీటర్లని ఒక వాక్యం, చుట్టుకొలత 40 మీటర్లని మరో వాక్యం. వెడల్పు 8, వైశాల్యం 96 అని చకచకా లెక్క కట్టేస్తారు. అడిగింది వైశాల్యం కాదు, జవాబుకు ఏదో ఒక వాక్యం విడిగా సరిపోతుందా, రెండూ కలిస్తే సరిపోతాయా అని మాత్రమే. రెండూ కలిస్తే సరిపోతాయని తేలగానే ఆగిపోవాలి. ఈ పొరపాటు ఒకసారి నోటుబుక్‌లో రాసుకుని వారం తర్వాత మళ్లీ చూసుకున్నవాళ్లు పరీక్షలో దాని జోలికి పోరు.

రివిజన్ చివరి వారంలో చూసుకుందాంలే అనుకోవద్దు. 2006లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు విద్యార్థులతో పాఠం చదివించారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం గడిచాక మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. పరీక్ష ఐదు నిమిషాల్లో ఉండదు కదా! అందుకే పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. చివరి నెలన్నరలో కొత్త పాఠాలు వద్దు. అంతకుముందు కూడా రోజూ మొదటి అరగంట నిన్నటి తప్పులకే. శనివారం గడియారం పెట్టుకుని పూర్తి పేపరు రాయండి, ఆదివారం తప్పిన ప్రతి లెక్కా ఎందుకు తప్పిందో పక్కవాళ్లకు చెప్పండి. తెలియక తప్పిందా, తొందరలో తప్పిందా అన్నది అప్పుడే బయటపడుతుంది.

రెండున్నర గంటలు కదలకుండా పేపరు రాయడం ఇరుకు గదిలో కుదిరే పని కాదు. ఫంక్షన్లు లేని రోజుల్లో మన హాళ్లకు తాళమే కదా? సాయంత్రం 6 నుంచి 9 దాకా తెరిస్తే అయ్యేది కరెంటు ఖర్చు, వాచ్‌మన్‌కు కొంత అదనం. పిల్లలే తలా కొంత వేసుకోగలరు. ఇంటికి దగ్గరైతే ఆడపిల్లలను పంపడానికి తల్లిదండ్రులకూ ధైర్యం. హబ్సిగూడ, తార్నాకల్లోని ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థల్లో పనిచేసి రిటైరైన పెద్దలు, లెక్కల మాస్టార్లు ఆదివారం ఒక గంట వచ్చి కూర్చుంటే అంతకన్నా ఏం కావాలి!

సంఘం పెద్దలారా, వచ్చే నెల సమావేశపు ఎజెండాలో ఈ విషయం చేర్చండి. విద్యార్థులారా, పదిమంది సంతకాలతో అర్జీ రాసి, ఏ రోజులు, ఏ వేళలు కావాలో స్పష్టంగా చెప్పి, కార్యదర్శి చేతికివ్వండి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి.