బకాసురుడికి ఎన్ని కేలరీలు?

బోధన్ పట్టణమే భారతంలోని ఏకచక్రపురమని ఈ ప్రాంతంలో పెద్దలు చెప్తారు. ఊళ్లో ఇంటికో వంతు. వంతు వచ్చిన ఇల్లు బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకెళ్లడానికి ఒక మనిషిని బకాసురుడికి పంపాలి. భీముడు వెళ్లి, రాక్షసుడు చూస్తుండగానే అన్నమంతా తిని, ఆపైన వాడి పని పట్టాడు. నిజామాబాద్ జిల్లా పిల్లలకు ఇది సొంతూరి కథ.

దీన్ని ఒకసారి సైన్స్ పీరియడ్‌లో చెప్పి చూడండి. ఎడ్లబండికి పది క్వింటాళ్ల అన్నం అనుకుందాం. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కిలోకేలరీల శక్తినిస్తుంది. పది క్వింటాళ్లకు 13 లక్షలు. పెద్ద మనిషికి రోజుకు 2,400 చాలనుకుంటే, ఒక్క బండి అన్నం 540 మందికి ఒక రోజు తిండి. ఒక చిన్న పల్లె తినేదంతా బకాసురుడు ఒక్క పూటలో మింగుతున్నాడన్నమాట. ఇక్కడికి వచ్చేసరికి ఏ తరగతిలోనైనా వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వస్తుంది: 'అంత తినాలంటే వాడు ఎంత పెద్దగుండాలి సార్?' అసలు పాఠం ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

దానికి జవాబు చెప్పడానికి చక్కెర బిళ్లలు చాలు. ఒక బిళ్ల పెట్టండి. దానికి అన్ని వైపులా రెట్టింపుండే ఘనం పేర్చాలంటే 8 బిళ్లలు, మూడు రెట్లుండాలంటే 27 కావాలి. నేలకు ఆనే అడుగు భాగం మాత్రం 1, 4, 9 బిళ్లలంతే పెరుగుతుంది. ఈ లెక్కన ఎత్తు పది రెట్లయితే బరువు వెయ్యి రెట్లవుతుంది. ఆ బరువును మోసే ఎముక అడ్డుకోత వైశాల్యం వంద రెట్లే పెరుగుతుంది. అంత ఎత్తు బకాసురుడు లేచి ఒక అడుగు వేస్తే తొడ ఎముక విరిగిపోవాలి, భీముడితో పనే లేదు. జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో రాసిన ఒక వ్యాసంలో పాశ్చాత్య కథల్లోని మహాకాయులకు ఇదే లెక్క కట్టి చూపించాడు. తర్వాత భారత పౌరసత్వం తీసుకుని భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేన్, పిల్లల కోసం మాంత్రికుడి కథలు కూడా రాశాడు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కథలో శాస్త్రం దాగుందని చెప్పడం వేరు, కథను శాస్త్రంతో కొలవడం వేరు. 'మనవాళ్లు అప్పుడే కనిపెట్టేశారు' అనే మాట పిల్లల నోరు మూయిస్తుంది. 'ఇది సాధ్యమా?' అనే మాట నోరు తెరిపిస్తుంది. బడికి రెండోది కావాలి.

ఈ మధ్య 'కథల ద్వారా సైన్స్' అని చాలా వినిపిస్తోంది. శిక్షణ తరగతుల్లో చెప్తున్నారు, వీడియోలు చేస్తున్నారు. చాలావాటిలో జరిగేది ఒకటే. 'నా పేరు ఎలక్ట్రాన్, నేను కేంద్రకం చుట్టూ తిరుగుతాను' అంటూ ఎలక్ట్రాన్ ఆత్మకథ చెప్పుకుంటుంది. నీటిచుక్క ఆకాశానికెళ్లి అమ్మను వెతుక్కుంటుంది. పాఠంలోని వాక్యాలే కళ్లూ ముక్కూ తగిలించుకుని వస్తాయి. ఇది మాత్రకు చక్కెర పూత పూయడమే. నాలుక మీద తీపి కరగ్గానే మిగిలేది బట్టీ. కథ అనేది ఎవరికో ఒక చిక్కు వచ్చి పడితేనే కథ. ఆ చిక్కు విడిపోవడానికి సైన్స్ అవసరమైతేనే అది సైన్స్ కథ.

అలాంటి కథలకు బోధన్‌లో కరువా? శక్కర్‌నగర్‌లో మూతపడి ఉన్న చక్కెర కర్మాగారమే ఒక పెద్ద కథ. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాల్వ నీళ్లతో చెరకు వచ్చింది. చెరకు ఉంది కాబట్టి 1937లో నిజాం షుగర్స్ మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికకూ వినిపిస్తూనే ఉంది. చెరకు వేసిన భూముల్లో చాలావాటిలో ఇప్పుడు వరి ఉంది. ఈ కథలో రాజకీయం అందరికీ తెలుసు. అందులోని రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం మాత్రం ఆ గేటు ముందు నుంచి రోజూ బడికి వెళ్లే పిల్లలకే తెలియదు.

చెరకు రసంలో ముప్పావు వంతుకు మించి నీళ్లే. ఆ నీళ్లు పోతే గానీ చక్కెర రాదు. మామూలుగా మరగబెడితే ఎక్కువ వేడికి రసం మాడుతుంది, రంగు మారుతుంది, బోలెడు కట్టెలు ఖర్చవుతాయి. అమెరికాలోని లూసియానాలో ఒకప్పుడు బానిసలు సలసల కాగే రసాన్ని పెద్ద గరిటెలతో ఒక కొప్పెర నుంచి మరో కొప్పెరలోకి తోడేవాళ్లు. ఒళ్లు కాలేది, ప్రాణాలు పోయేవి. 1806లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన నార్బర్ట్ రిల్యూ, నల్లజాతి సంతతి తల్లి బిడ్డ, పారిస్‌లో చదువుకుని వచ్చి ఈ బాధకు మందు కనిపెట్టాడు. గాలి తీసేసిన మూసిన పాత్రల్లో రసం తక్కువ వేడికే మరుగుతుంది. ఒక పాత్రలో పుట్టిన ఆవిరి పక్క పాత్రను వేడి చేస్తుంది. 1843లో పేటెంటు తీసుకున్నాడు, 1846లో మెరుగైన యంత్రానికి మరొకటి తీసుకున్నాడు. ప్రపంచంలో నేడు నడిచే చక్కెర మిల్లులు దాదాపు అన్నింటికీ ఆ సూత్రమే ఆధారం. ఒకప్పుడు శక్కర్‌నగర్‌లో నడిచిందీ అదే.

ఈ కథ చెప్పి, ఒక పిల్ల చేతికి సిరంజీ ఇవ్వండి. సూది తీసేసిన 20 ఎం.ఎల్. సిరంజీలో కాస్త వేడి నీళ్లు, పొయ్యి మీంచి దించి కొంత చల్లారినవి, టీచరే నింపాలి. మూతి గట్టిగా మూసి పిడిని వెనక్కి లాగితే మంట లేకుండానే నీళ్లు బుడబుడమని మరుగుతాయి. పిడి వదిలితే ఆగిపోతాయి. పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందన్న వాక్యాన్ని ఆ పిల్ల ఇక జన్మలో మరచిపోదు. ఖర్చు చూస్తే ఒక టీ ఖర్చంత.

మిల్లులో తర్వాతి మెట్లకూ ఇలాంటి చేతిపనులే ఉన్నాయి. గట్టి పాకంలో దారం వేలాడదీసి కదపకుండా ఉంచితే కొన్నాళ్లకు కలకండ పలుకులు కడతాయి. స్ఫటికీకరణ పాఠం అంతే. గింజ కట్టిన పాకంలోంచి మొలాసిస్‌ను విడదీసేది గిరగిర తిరిగే యంత్రం. సోడా మూతను చదును చేసి, రెండు రంధ్రాలు పొడిచి, దారం ఎక్కించి గుయ్యిమని తిప్పే ఆట మన పల్లె పిల్లలకు తెలిసిందే. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే మను ప్రకాశ్ బృందం 2017లో ఇదే ఆటను కాగితపు బిళ్లతో చేసి, రక్తాన్ని వేరుచేసే పరికరంగా మార్చి ప్రపంచానికి చూపించింది. చెరకు రసం బండి దగ్గరికి త్రాసు పట్టుకెళ్లి, గడను ముందు, పిప్పిని తర్వాత తూచినా ఒక ప్రాజెక్టే. ఆ పిప్పినే మిల్లు బాయిలర్‌లో కాల్చి, ఆ ఆవిరితోనే చెరకు పిండుతారని చెప్తే, శక్తి రూపాంతరం పాఠం సగం అయిపోయినట్టే.

నిజామాబాద్ పట్టణంలోని బడులకు చెరకు దూరమనుకుంటే పసుపు ఉంది. మార్కెట్ యార్డుకు కుప్పలుగా వచ్చే పసుపే ఈ ఊరి గుర్తింపు. పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడటం దిష్టి తీసే ప్రతి ఇంట్లో చూసిందే. ఆ ఎర్ర నీళ్లలో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగు వస్తుంది. ఇది ఎంతమంది చేసి చూశారు? పసుపు పూసిన కాగితం ముక్కలతో సబ్బు, వంట సోడా, పెరుగు, బోరు నీళ్లు పరీక్షించవచ్చు. లిట్మస్ కాగితం రాలేదని ఆమ్లాలు, క్షారాల పాఠాన్ని నోటితో చెప్పి వదిలేయడం పసుపు పండే జిల్లాలో సిగ్గుపడాల్సిన విషయం.

ఇన్ని ఉండగా మన వైజ్ఞానిక ప్రదర్శనల్లో కనిపించేదేమిటి? ఎర్రరంగు కక్కే థర్మాకోల్ అగ్నిపర్వతం, బ్యాటరీతో తిరిగే గాలిమర, స్టేషనరీ దుకాణంలో పెట్టెతో సహా అమ్మే 'వర్కింగ్ మోడల్'. నాన్న అతికించింది, అన్న రంగు వేసింది, పిల్లవాడు పక్కన నిలబడి బట్టీపట్టిన నాలుగు వాక్యాలు అప్పజెప్పేది. అగ్నిపర్వతం నుంచి పొంగేది వంట సోడా, వెనిగర్ కలిసి పుట్టిన కార్బన్ డయాక్సైడ్ నురగ. భూగర్భంలో శిల కరగడానికీ దానికీ ఏ సంబంధం లేదు. అందంగా ఉంది, అబద్ధం చెప్తోంది, బహుమతి తెచ్చుకుంటోంది. ఏ పిల్లా కొత్తగా ఏదీ తెలుసుకోలేదు.

టీచర్లను తప్పుపట్టి చేతులు దులుపుకోవడం తేలిక. సిలబస్ పూర్తి కావాలి, స్లిప్ టెస్టులు పెట్టాలి, రికార్డులు రాయించాలి, పదో తరగతి ఫలితాలకు జవాబు చెప్పుకోవాలి. చిన్న బడుల్లో ఒకే సైన్స్ సారు అన్ని తరగతులకూ పరుగెత్తాలి. ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి గానీ, గైడు చూసి రాసిన నాలుగు పేజీలకూ సొంతంగా చేసిన పరీక్షకూ అవే మార్కులు పడుతున్నప్పుడు ఎవరు కష్టపడతారు?

దీనికి జవాబు మన దేశంలోనే ఒకచోట దొరికింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో 16 ప్రభుత్వ బడుల్లో ప్రయోగాలతోనే సైన్స్ చెప్పే కార్యక్రమం మొదలైంది. పెద్ద పెద్ద ల్యాబులు లేవు, చిన్న కిట్లు ఉన్నాయి. జవాబులు పుస్తకంలో ఇవ్వలేదు, చేసి చూసి పిల్లలే రాసుకోవాలి. టెల్కో ఉద్యోగి అరవింద్ గుప్తా 1978లో అక్కడికి వెళ్లి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబుతో బొమ్మలు చేయడం మొదలుపెట్టింది అప్పుడే. ఆ పనికే 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అందరూ ఆ బొమ్మలనే గుర్తుంచుకున్నారు. నా దృష్టిలో హోశంగాబాద్ చేసిన పెద్ద పని వేరే ఉంది. వాళ్లు పరీక్షను మార్చారు. పుస్తకం తెరిచి రాసే పరీక్ష, చేసి చూపించే పరీక్ష పెట్టారు. అందుకే ఆ కార్యక్రమం ముప్పై ఏళ్లు నిలబడింది. 2002లో ప్రభుత్వమే దాన్ని ఆపేసింది.

తెలుగులో సైన్సును కథలా చెప్పినవాళ్లకు కొదవ లేదు. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ రాసినవి ఉన్నాయి, జనవిజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రిక ఉంది. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన విద్యార్థి ఆలోచనకు కేంద్రం 10,000 రూపాయలు ఇస్తోంది. కథలూ ఉన్నాయి, కాస్త డబ్బూ ఉంది. లేనిదల్లా పిల్లల పనిని కొలిచే సరైన తూకం.

అందుకే ఈ జిల్లా విద్యాశాఖకు మూడు విన్నపాలు. ఒకటి, ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు నమూనా అందాన్ని చూడటం మాని మూడు ప్రశ్నలు అడగాలి: ఏం తెలుసుకోవాలని ఇది చేశావు? మొదటిసారి పనిచేయనప్పుడు ఏం మార్చావు? ఇది చెప్పలేనిది ఏమిటి? రెండు, శక్కర్‌నగర్‌లో పనిచేసి ఇళ్ల దగ్గరున్న కెమిస్టులను, ఫిట్టర్లను, గాజుపలక మీద పాకం చుక్క చూసి గింజ కట్టిందో లేదో చెప్పగలిగిన పాన్‌మెన్‌ను బడికి పిలిచి పిల్లల ముందు కూర్చోబెట్టాలి. వాళ్ల దగ్గరున్న పాఠం ఏ పుస్తకంలోనూ లేదు, వాళ్ల వయసేమో ఆగదు. మూడు, దుకాణంలో కొన్న నమూనాను గేటు దగ్గరే వెనక్కి పంపాలి.

తల్లిదండ్రులకు ఒకే మాట. ఈసారి మీ అమ్మాయి ప్రాజెక్టు వంకరగా ఉన్నా, జిగురు కారుతున్నా మీరు చెయ్యి పెట్టకండి. పనిచేయని నమూనా చేసి, అదెందుకు పనిచేయలేదో చెప్పగలిగిన పిల్లకే మొదటి బహుమతి రావాలి.