సైప్రస్‌లో అడుగుపెట్టేది ఏ గుమ్మంలోంచి?

సైప్రస్‌కు విమానం టికెట్ వెతికేవారికి రెండు దారులు కనిపిస్తాయి. గల్ఫ్ మీదుగా దక్షిణ తీరంలోని లార్నకాలో దిగడం ఒకటి, టర్కీ మీదుగా ఉత్తరాన ఎర్జాన్‌లో దిగడం రెండోది. మామూలుగా అయితే ఏది చవకైతే అది కొనేస్తాం. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. దక్షిణాన ఉన్న సైప్రస్ రిపబ్లిక్ 2004 నుంచి యూరోపియన్ యూనియన్ సభ్యదేశం. దాని చట్టం ప్రకారం ఎర్జాన్ అనుమతి లేని విమానాశ్రయం, అక్కడ దిగినవారు ద్వీపంలోకి అక్రమంగా వచ్చినట్టే. ఆ తర్వాత ద్వీపాన్ని రెండుగా చీల్చిన గీత దాటి దక్షిణానికి వస్తామంటే, ముఖ్యంగా భారత పాస్‌పోర్టు ఉన్నవారిని, వెనక్కి తిప్పి పంపవచ్చు. ఉత్తరాన్ని భారత్ గుర్తించలేదు కాబట్టి ఏదైనా ఇబ్బంది వస్తే తలుపు తట్టడానికి అక్కడ మన దౌత్య కార్యాలయమూ ఉండదు. అందుకే నా సలహా: ద్వీపాన్ని రెండు వైపులా చూడండి, అయితే దక్షిణ గుమ్మంలోంచి అడుగుపెట్టండి, రాత్రి బస అటే పెట్టుకోండి, ఉత్తరానికి పగలు వెళ్లి రండి.

ఇది వట్టి కాగితాల గొడవ కాదు. 1963 డిసెంబరులో గ్రీకు, టర్కిష్ సైప్రియట్లు కొట్టుకున్నప్పుడు పీటర్ యంగ్ అనే బ్రిటిష్ మేజర్ జనరల్ నికోసియా పటం మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో గీత గీశాడు. 1974 జూలై 15న ఏథెన్స్ సైనిక పాలకుల అండతో సైప్రస్ ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర జరిగింది, 20న టర్కీ సేనలు దిగాయి. ద్వీపంలో మూడో వంతుకు పైగా వాటి అధీనంలోకి పోయింది. ఉత్తరం 1983లో వేరే దేశంగా ప్రకటించుకుంటే దాన్ని గుర్తించింది టర్కీ ఒక్కటే. ఇప్పుడు గ్రీన్ లైన్ అంటే సుమారు 180 కిలోమీటర్ల పొడవున ఐక్యరాజ్యసమితి కాపలా కాసే నేల. ఆ కాపలా దళానికి నాయకత్వం వహించిన భారతీయ సేనానుల్లో జనరల్ తిమ్మయ్య ఒకరు, 1965 డిసెంబరులో ఆ పదవిలో ఉండగానే సైప్రస్‌లో కన్నుమూశారు.

ఉత్తరానికి వెళ్లడమంటేనే ఆక్రమణకు తలూపడం అనేవారు ఉన్నారు. సొంత ద్వీపంలో సొంత ఊరు చూడ్డానికి గుర్తింపు కార్డు చూపించేది లేదని, ఈ నాటికీ గీత దాటని గ్రీకు సైప్రియట్లూ ఉన్నారు. ఆ పట్టుదలను గౌరవించాల్సిందే. కానీ అది ఇల్లు పోగొట్టుకున్నవారి హక్కు, మనం అరువు తెచ్చుకోవాల్సింది కాదు. 2003 ఏప్రిల్‌లో దారులు తెరిచినప్పుడు రెండు వైపుల నుంచీ వేలాదిమంది బారులు తీరారు. నికోసియా నడిబొడ్డున లెడ్రా వీధి 2008లో తెరుచుకుంది. బట్టల షాపులు, కాఫీ బల్లల మధ్య నడుస్తుంటే ఒక పోలీసు గది, కిటికీలు మూసేసిన పాత గోడల నడుమ కొన్ని పదుల అడుగులు, మళ్లీ ఒక గది, పాస్‌పోర్టు చూపించగానే లీరాల బజారు. 2016 చలికాలంలో ఉత్తరం టర్కీ గడియారాన్ని పట్టుకోవడంతో ఈ కాస్త దూరానికే గంట తేడా వచ్చింది! విభజన అంటే ఏమిటో ఆ నడక చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు.

ఎదురు వాదన మరొకటి ఉంది, అది ఇంకా గట్టిది. 2004 ప్రజాభిప్రాయ సేకరణలో ఏకీకరణకు టర్కిష్ సైప్రియట్లలో సుమారు 65 శాతం ఔనన్నారు, గ్రీకు సైప్రియట్లలో 76 శాతం కాదన్నారు. ఔనన్నవాళ్లే ఏకాకులుగా మిగిలారు. మరి బస దక్షిణానే అనడం వాళ్లను ఇంకోసారి శిక్షించడం కాదా? కాదు, నా అభ్యంతరం మనుషుల మీద కాదు, నేల మీద. ఉత్తర తీరంలో చాలా భూములకు అసలు యజమానులు 1974లో పారిపోయిన గ్రీకు సైప్రియట్లు. కైరేనియాకు చెందిన టిటీనా లోయిజిడూ తన స్థలం కోసం వేసిన కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1996లో టర్కీని తప్పుపట్టింది. లాపిథోస్‌లో విల్లా కట్టుకున్న ఓరమ్స్ అనే బ్రిటిష్ జంటకు వ్యతిరేకంగా సైప్రస్ కోర్టు ఇచ్చిన తీర్పు బ్రిటన్‌లోనూ చెల్లుతుందని 2009లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. రిసార్టు గది బుక్ చేసేటప్పుడు ఆ నేల ఎవరిదో మనకు తెలిసే వీలు తక్కువ. ఉత్తర నికోసియాలోని బ్యూయుక్ హాన్ అనే పాత సత్రంలో కాఫీ తాగి, పక్క సందులో భోంచేస్తే ఈ చిక్కు చాలావరకు ఉండదు, డబ్బూ టర్కిష్ సైప్రియట్ చేతికే చేరుతుంది.

గీతను కాలినడకనే దాటమంటాను, కారణం కారు బీమా. దక్షిణాన అద్దెకు తీసుకున్న కారు బీమా ఉత్తరాన చెల్లదు. గీత దగ్గర విడిగా అమ్మే బీమా ఎదుటివారి నష్టానికే గానీ మీ బండికి కాదు, పైగా కొన్ని అద్దె సంస్థలు అసలు దాటనివ్వవు.

ఉత్తరాన ఫమాగుస్తా కోట, సలామిస్ శిథిలాలు తప్పక చూడాల్సినవే, వాటికి ఒక పగలంతా కేటాయించండి. పక్కనే ఉన్న వరోషాను మాత్రం వదిలేయమంటాను. 1974 నుంచి జనం లేక పాడుబడ్డ ఆ పేటలో దాని నివాసులు తప్ప ఇతరులు స్థిరపడరాదని భద్రతామండలి 1984లోనే చెప్పింది. 2020లో అందులో కొంత భాగాన్ని సందర్శకులకు తెరిచి, సైకిళ్లు అద్దెకిస్తున్నారు. దారి పొడవునా కూలుతున్న ఆ మేడల యజమానులు చాలామంది ఇంకా దక్షిణాన బతికే ఉన్నారు.