రోగికి ఉద్వాసన

కర్మాగారములలో పనివారిని తగ్గింపదలచినపుడు యజమాని కన్ను మొట్టమొదట మంచము పట్టినవానిపైఁ బడును. లెక్కల పుస్తకములో వాఁడు పనికి రాని మనిషి. ఇంటిలో నలుగురికి కూడు పెట్టు మనిషి. మందులకు డబ్బు కావలసిన దినముననే జీతము పోవుట గోరుచుట్టుపై రోకటిపోటు కాక మఱేమి?

ఈ కష్టమును మన శాసనకర్తలు గుర్తింపక పోలేదు. 1944లో ఆచార్య అదార్కరు సమర్పించిన నివేదిక పునాదిగా 1948లో ఈ.ఎస్.ఐ. చట్టము వెలువడెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో దాని అమలు ఆరంభమయ్యెను. జబ్బు భత్యము పొందుచున్న కాలమున ఉద్యోగిని తొలగింపరాదనియు, ఆ కాలమున నిచ్చిన తొలగింపు నోటీసు చెల్లదనియు దాని 73వ సెక్షను శాసించెను. ఆ భత్యము యజమాని దయాధర్మము కాదు. కార్మికుఁడు తానును చందా కట్టిన నిధినుండి వచ్చినది. ఆ చట్టము నేఁడు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో విలీనమైనది.

అయినను కోటకు బీటలు లేకపోలేదు. మదరాసు బకింగ్‌హాం కర్నాటిక్ మిల్లు వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1963లో నొక తీర్పు చెప్పెను. సెలవు లేక వరుసగా ఎనిమిది పనిదినములు రానివాఁడు ఉద్యోగము వదలుకొన్నట్లే యను మిల్లు నిబంధన ప్రకారము కొలువు పోయినచో, అది యజమాని చేసిన తొలగింపు కాదనియు, 73వ సెక్షను దానికి వర్తింపదనియు ఆ తీర్పు సారాంశము. 1993లో అదే న్యాయస్థానము, విచారణ లేకుండ పేరు కొట్టివేయుట న్యాయవిరుద్ధమని చెప్పి ఆ బీటను కొంతవఱకు పూడ్చెను.

రెండవ బీట యింకను పూడలేదు. పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో జరిగిన సవరణ, పనివారిని తగ్గించునపుడు ఏటికి పదునైదు దినముల వేతనము చొప్పున పరిహార మీయవలెనని విధించెను. కాని ఎడతెగని యనారోగ్యము కారణముగాఁ జేసిన తొలగింపు ‘తగ్గింపు’ కాదని అందే మినహాయింపు పెట్టెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతియు ఆ మినహాయింపును నిలిపియుంచినది.

దీని ఫలితమును చూడుఁడు. ఒకే మిల్లులో పదేండ్లు పనిచేసిన వారిద్దరు కలరనుకొందము. ఆరోగ్యవంతుని తగ్గించినచో నూటయేఁబది దినముల వేతనము చేతఁ బెట్టవలెను. రోగిని అనారోగ్యము పేర పంపినచో ఆ పద్దు క్రింద దమ్మిడీ యీయ నక్కరలేదు! జబ్బుచేత పనికి అంతరాయము కలిగినను సేవ తెగినట్లు కాదని చెప్పు చట్టమే, ఆ సేవకు ఫలమును రోగికి నిరాకరించుచున్నది.

మిల్లు ధర్మసత్రము కాదని యజమానులు పలుకవచ్చును. ఖాళీగానున్న మగ్గమునకు ఎల్లకాలము జీతమీయుమని మేము కోరుట లేదు. మే మడుగునది వేఱు. పరిహారము రాఁబోవు పనికి వెల కాదు. జరిగిపోయిన సేవకు గుర్తింపు. నేఁటి రోగము నిన్నటి కష్టమును తుడిచివేయఁజాలదు. కావున అనారోగ్యపు మినహాయింపును చట్టమునుండి తొలగింపవలెను. జబ్బు సెలవులో నున్నవానికి వైద్యుఁడు నయమైనదని చెప్పువఱకు, లేదా భత్యపు గడువు తీరువఱకు, తగ్గింపు నోటీసు అమలు కారాదని స్పష్టముగా వ్రాయవలెను.

శాసనము మాఱువఱకు కార్మికసోదరులు జాగరూకులై యుండవలెను. సెలవు నోటిమాటగా కాక వ్రాతమూలముగా అడుగుఁడు. వైద్యుని పత్రమును జతపఱచి రసీదు తీసికొనుఁడు. జ్వరపు మంచముపై రాజీనామా కాగితమునకు చేవ్రాలు చేయకుఁడు. సంఘములు ఇట్టివారి పక్షమున నిలుచుట తమ మొదటి విధిగా నెంచవలెను. బలవంతుని బేరమును సంఘము లేకున్నను వాఁడే చూచుకొనును. లేవలేనివానికే అండ కావలెను.