మాటలొచ్చాక తీసుకురండి!

మన వైపు నర్సరీ స్కూళ్లు నడిపేవాళ్లకి ముచ్చటగా మూడు మాటలు కంఠతా వచ్చు. "మాటలొచ్చాక తీసుకురండి", "కాస్త కుదురొచ్చాక తీసుకురండి", "బాత్రూముకి చెప్పడం అలవాటయ్యాక తీసుకురండి". మూడున్నరేళ్ల పిల్లాణ్ణి చంకనేసుకుని అడ్మిషన్ కోసం వెళ్లిన తల్లి ఈ మూడింట్లో ఏదో ఒకటి పుచ్చుకుని ఇంటికి తిరిగి రావలసిందే. నాకు అర్థం కానిదల్లా ఒకటే. మాటలూ, కుదురూ, అలవాట్లూ అన్నీ ఇంటి దగ్గరే వచ్చేస్తే ఇంక ఆ పిల్లాడు నర్సరీకి వెళ్లి నేర్చుకునేదేమిటి? టై కట్టుకోవడమా?

"జ్వరం తగ్గాక ఆసుపత్రికి రండి" అనే డాక్టరుంటే ఊరంతా నవ్విపోతాం. "ఈత వచ్చాక కాలవలో దిగు" అనే తండ్రిని చూసినా నవ్వుతాం. నర్సరీవాళ్లు అన్నప్పుడు మాత్రం నవ్వం సరికదా, తల వంచుకుని, "అలాగేనండి ఆయ్" అని వచ్చేస్తాం. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అని ఒక సామెత ఉంది. ఆ సామెతలోని మొదటి మాట నాకు నచ్చదు గాని లెక్క మాత్రం సరిగ్గా ఇదే. మాటలొస్తే గాని నర్సరీ లేదు, నలుగురు పిల్లల్లో పడితే గాని మాటలు రావు. ఈ రెండింటి మధ్యా పిల్లాడి వయసు మూడు నుంచి ఆరుకి వచ్చేస్తుంది.

నేను చెబుతున్నది ఏ పిల్లల గురించో మీకీపాటికి తెలిసే ఉంటుంది. వినికిడి తక్కువైనవాళ్లు, నడక ఆలస్యమైనవాళ్లు, పిలిస్తే తల తిప్పకుండా తన లోకంలో తానుండే ఆటిజం పిల్లలు, తోటివాళ్లు ఒక్కసారికి నేర్చుకున్నది పదిసార్లకి నేర్చుకునేవాళ్లు. వీళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. గుమ్మం లోపల ఉన్నారు గనుక మనకి కనపడరు, అంతే.

మా అప్పనపల్లిలో మాత్రం కనపడతారు. వైనతేయ గోదావరి ఒడ్డున, కొబ్బరి వ్యాపారం చేసుకునే మొల్లేటి రామస్వామిగారు కట్టించిన బాలబాలాజీ గుడి మూలంగా ఈ ఊరి పేరు దూరదూరాలకి తెలిసింది. శనివారం వచ్చిందంటే జనం కిటకిటలాడిపోతారు. ఆ జనంలో, మాట రాని పిల్లాణ్ణి ఎత్తుకుని మొక్కు మొక్కుకునే తల్లి కూడా ఉంటుంది. మొక్కుకోనివ్వండి, నేను వద్దనను. ముడుపు కట్టిన చేత్తోనే చెవి పరీక్షకి కూడా చీటీ రాయించుకోమంటాను. నా మనసులోని మాట ఇంకొకటి ఉంది. దేవుణ్ణి బాలుడిగా కొలిచే ఊరు మాది. ఆయన పలకడు, నడవడు, పిలిస్తే తల తిప్పడు. అయినా వేళకి లేపుతాం, నైవేద్యం పెడతాం, ఎదురుగా నిలబడి కష్టం సుఖం చెప్పుకుంటాం. మాట్లాడని దేవుడితో ఇంత ఓపిగ్గా మాట్లాడగలిగిన మనుషులం, మాట్లాడని పిల్లాడితో రోజుకి పది నిమిషాలు మాట్లాడలేమా?

నర్సరీ యజమానుల లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. అది మన కొబ్బరి నారుమడి లెక్క. కోనసీమవాళ్లకి చెప్పక్కర్లేదు గాని, తక్కిన వాళ్ల కోసం చెబుతాను. విత్తనపు కాయలు పాతాక ముందుగా మొలిచినవాటినీ, మొదలు లావుగా ఉన్నవాటినీ, ఆకు త్వరగా విచ్చుకున్నవాటినీ ఏరి ఉంచుతారు. నెలలు గడిచినా మొలవని కాయని తీసి పారేస్తారు. కొబ్బరికి అది న్యాయమే. నాసి మొక్క అమ్మితే కొన్న రైతు జన్మంతా తిట్టుకుంటాడు. కాని కొబ్బరి మొక్క అమ్మకానికి పెట్టింది. పిల్లాడు అమ్మకానికి పెట్టినవాడు కాడే! ముందు మొలిచినవాణ్ణి చేర్చుకుని, "చూశారా, మా స్కూల్లో అందరూ ఎంత చలాకీగా ఉన్నారో" అని ఫ్లెక్సీ కట్టుకోవడం చదువు చెప్పడం కాదు, కాయలు ఏరడం.

ఇందులో పెద్ద తమాషా ఏమిటంటే, ఈ కాయలేరే స్కూళ్లలో చాలావాటి బోర్డు మీద మాంటిసోరి అని ఉంటుంది. ఆవిడెవరో ఈ యజమానుల్ని ఒక్కసారి అడగండి. మరియా మాంటిసోరి ఇటలీలో డాక్టరు. ఆవిడ మొదట పట్టించుకున్నది చురుకైన పిల్లల్ని కాదు. రోములో, మానసిక ఎదుగుదల లేదని పిచ్చాసుపత్రుల్లో పడేసిన పిల్లల్ని చూసి, వీళ్లకి కావలసింది మందు కాదు, చదువు అన్నది. అంతకు ముందు ఫ్రాన్సులో ఇటార్, సెగ్విన్ అనే ఇద్దరు డాక్టర్లు అటువంటి పిల్లల కోసం చేసిన ప్రయోగాలు చదివి, చేత్తో తడిమి నేర్చుకునే వస్తువులు తయారు చేయించింది. 1900 నుంచి ఆ పిల్లల కోసం పెట్టిన స్కూల్లో పనిచేసింది. వాళ్లు చదవడం, రాయడం నేర్చుకున్నారు. అప్పుడావిడ అనుకుందిట: వీళ్లకే ఇంత వస్తే మామూలు పిల్లలకి ఇంకెంత రావాలి అని. ఆ తరవాతే, 1907 జనవరి 6న, శాన్ లొరెంజో పేటలో కూలివాళ్ల పిల్లల కోసం మొదటి బాలల గృహం తెరిచింది. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం మూలంగా ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయి మన దేశంలో టీచర్లని తయారు చేసింది.

అంటే ఇప్పుడు మన పిల్లలు వేలితో తడిమే గరుకు అక్షరాలూ, ఆ చెక్క దిమ్మలూ, అవన్నీ ఎవరి పుణ్యమా అని మనకి దక్కాయి? ఈ "మాటలొచ్చాక రండి" పిల్లల పుణ్యమా అని! ఇల్లు కట్టిపెట్టినవాణ్ణి గుమ్మంలోనే ఆపేసి, ఆ ఇంట్లో మనం కాపురం చేస్తున్నామన్నమాట.

సరే, చేర్చుకుంటే వాళ్లకి ఏం చెయ్యాలి, అందుకు లక్షలు కావాలిగా అంటారు. చాలా పనులకి అక్కర్లేదు. వినపడని పిల్లాణ్ణి టీచరు మొహం కనపడేలా ముందు కూచోబెట్టడానికి ఎంతవుతుంది? ఒక్కసారి నాలుగు పనులు చెప్పకుండా ఒకటి చెప్పి, అది అయ్యాక రెండోది చెప్పడానికి ఎంతవుతుంది? ఇప్పుడు పాట, తరవాత అన్నం, తరవాత నిద్ర అని మూడు బొమ్మలు గోడకి అంటిస్తే, గోల పెట్టే పిల్లాడు సగం గోల మానేస్తాడు. తరవాత ఏం జరుగుతుందో తెలియక పోవడమే వాడి భయం గనుక. సన్నటి క్రేయాను పట్టుకోలేనివాడికి దానికే గుడ్డ చుట్టి లావు చేసి ఇవ్వచ్చు. మెట్టెక్కలేనివాడికి గుమ్మం దగ్గర ఒక వాలు పోయించచ్చు. జట్టుకి ఒక చలాకీ పిల్లని పక్కన కూచోబెట్టచ్చు. కావలసింది డబ్బు కన్నా, ఇది నా పని అనుకునే మనిషి ఒకరు. ఇంగ్లండులో ప్రభుత్వ నర్సరీ స్కూళ్లలో ఈ పిల్లల బాధ్యత చూసే టీచరు ఒకరు ఉండి తీరాలి. 1978లోనే అక్కడ మేరీ వార్నాక్ అనే ఆవిడ నాయకత్వాన వేసిన కమిటీ, ముందుగా చూడవలసిన మూడు విషయాల్లో అయిదేళ్ల లోపు పిల్లల్ని ఒకటిగా చేర్చింది.

అది దొరల దేశం, మన పల్లెటూళ్లకి కుదురుతుందా అంటారా? అమెరికాలో పోర్టేజ్ అనే చిన్న ఊరుంది. చుట్టూ పొలాలు, ఇళ్లు దూరదూరంగా ఉంటాయి, మన లంకల్లాగే. 1969లో అక్కడివాళ్లు ఒక పద్ధతి మొదలు పెట్టారు. పిల్లాణ్ణి రమ్మనకుండా, వారానికొకసారి టీచరే ఇంటికి వెళ్తుంది. ఈ వారం గ్లాసు రెండు చేతుల్తో పట్టుకోవడం అని తల్లికి చేసి చూపిస్తుంది. వచ్చే వారం వచ్చి, వచ్చిందా లేదా చూసి, ఇంకో మెట్టు చెబుతుంది. అంతే. ఆ పద్ధతి చాలా దేశాలకి పాకింది, మన దేశంతో సహా.

మన ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేననను. కాగితం మీద చాలానే చేసింది. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలు మొదలయ్యాయి. 2013లో మొదలైన బాలల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం, గుర్తింపు పొందిన ఏ విద్యాసంస్థ అయినా ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలంది. కాని అదే చట్టంలో ఉచిత విద్య హక్కు ఆరో ఏట మొదలవుతుంది. అంతకు ముందు సంగతి? 2002లో రాజ్యాంగం సవరించి, ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణకీ చదువుకీ ప్రభుత్వం "ప్రయత్నించాలి" అన్నారు. ఆరు దాటినవాడికి హక్కు, దాటనివాడికి ప్రయత్నం! మొక్కై వంగనిది మానై వంగునా అని మనకి నేర్పిన దేశం మానుకి హక్కిచ్చి మొక్కకి ప్రయత్నమిచ్చింది.

2023 నవంబరు 28న ఢిల్లీలో, అంగన్‌వాడీల్లో దివ్యాంగ బాలల్ని ఎలా గుర్తించాలో, ఎలా కలుపుకోవాలో, ఎక్కడికి పంపాలో చెప్పే పద్ధతుల పుస్తకం విడుదల చేశారు. మంచి పనే. సరిగ్గా రెండు వారాలకి, డిసెంబరు 12న, మన రాష్ట్రంలో ఆ పద్ధతులు అమలు చెయ్యవలసిన అంగన్‌వాడీ టీచర్లూ ఆయాలూ జీతాల కోసం సమ్మెకి దిగారు. నలభై రెండు రోజులు చేశారు. మధ్యలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. అప్పటికి టీచరు నెల జీతం పదకొండు వేల అయిదొందలు. ఆవిడే గుడ్లు లెక్క పెట్టాలి, బాలింతల ఇళ్లకి తిరగాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి, తూకాలు తియ్యాలి. ఆ పైన, మాట రాని పిల్లాడికి మాట కూడా నేర్పాలి. రెండు చేతుల మనిషికి నాలుగు చేతుల పని చెప్పి, పుస్తకం ఇచ్చి, ఫోటో దిగితే సరిపోతుందా? అవిటివాళ్లు అనేవాళ్లం, వికలాంగులన్నాం, ఇప్పుడు దివ్యాంగులంటున్నాం. బిడ్డకి పేరు మార్చినంత సులువుగా బడిలో ఇంకో ఆయాని వెయ్యలేకపోతున్నాం.

ప్రభుత్వాన్ని తిట్టడం తేలికే, మన సంగతి కూడా కాస్త చూసుకుందాం. నర్సరీ యజమానిని నిలదీస్తే ఆయన చెప్పేది ఒకటే: "నాకేం అభ్యంతరం లేదండీ, తక్కిన తల్లులు ఒప్పుకోరు." ఆ తక్కిన తల్లులెవరు? మనమే. మా వీధిలో ఒకావిడ నాతోనే అంది, "అదేవిటి వదినగారూ, అలాంటివాడి పక్కన కూచుంటే మావాడికీ అదే అలవాటవదూ?" అని. "ఏమమ్మా, మీవాడు లెక్కల్లో ఫస్టు వచ్చేవాడి పక్కన రెండేళ్లుగా కూచుంటున్నాడు, వాడికి లెక్కలు అంటుకున్నాయా?" అన్నాను. ఆవిడ నవ్వేసింది గాని నాకు నవ్వు రాలేదు. నత్తి అంటుకోదు. ఆటిజం అంటుకోదు. అంటుకునేది ఒకటుంది: పక్కవాడు పడిపోతే చెయ్యివ్వడం. అది మూడో ఏట అంటుకుంటే ముసలితనంలో మనకే పనికొస్తుంది.

ఇంక మన ఇళ్లల్లో పెద్దవాళ్లు. "వాళ్ల మేనమామకి అయిదో ఏట గాని మాటలు రాలేదే! ఆయన ఇప్పుడు ప్లీడరు" అంటారు. నిజమే కావచ్చు. మాటలు రాకుండానే ఉండిపోయిన మేనమామల సంగతి ఎవరూ చెప్పరు గనుక మనకి ప్లీడరుగారే గుర్తుంటారు. ఏడాదిన్నరకి ఒక్క మాటా లేకపోయినా, పిలిస్తే తిరగకపోయినా, పరీక్ష చేయించడం వల్ల పోయేదేమీ లేదు. ప్లీడరయ్యేవాడు ఎలాగూ అవుతాడు. వినపడక మాటలు రాని పిల్లకి మాత్రం ఆ ఏడాది మళ్లీ రాదు. మెదడు మాటని పట్టుకునే కాలం మన పంచాంగం ప్రకారం ఆగదు.

అంచేత వచ్చే జూన్‌లో మీ పిల్లనో మనవణ్ణో చేర్పించడానికి నర్సరీకి వెళ్లినప్పుడు, ఏసీ ఉందా, ఇంగ్లీషు మాట్లాడతారా, బస్సు వీధిలోకి వస్తుందా అని అడిగాక, ఇంకొక్క ప్రశ్న అడగండి. "మీ స్కూల్లో మాటలు ఆలస్యమైన పిల్లలు, నడవలేని పిల్లలు ఎంతమంది ఉన్నారండీ? వాళ్లని ఎవరు చూస్తారు?" అని. "ఇద్దరున్నారమ్మా, ఆ టీచరు చూస్తుంది" అంటే, కళ్లు మూసుకుని చేర్పించండి. చేతకాని పిల్లాడికి ఓపిగ్గా చెప్పగలిగిన మనిషి చేతనైన పిల్లాడికి ఇంకా బాగా చెబుతుంది. "అబ్బే, మా దగ్గర అలాంటివాళ్లు ఒక్కరూ లేరండీ" అని గర్వంగా చెబితే, మీ పిల్ల చెయ్యి పట్టుకుని లేచి, "అయితే మీకు చెప్పడం వచ్చాక వస్తామండీ" అని వచ్చెయ్యండి.